చెన్నై ట్రిబ్యునళ్ళలో రికార్డులు, మన సొంత వివరాలు అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరంబూరు, వ్యాసర్‌పాడి, షావుకారుపేటల్లో ఉండే మనవాళ్ళు, గూడూరు, నెల్లూరు నుంచి పొద్దుటి బండెక్కి సెంట్రల్‌లో దిగేవాళ్ళు, చేతిలో ఒక సంచీ, అందులో నలిగిన కాగితాలు. ఇలా వచ్చేవాళ్ళకు దరఖాస్తులు రాసిపెట్టడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. అందరూ అడిగేవి చాలావరకు అవే ప్రశ్నలు. చదువుకున్నవాళ్ళు కూడా తడబడే చోటు ఒకటుంది. తమకు కావలసిన కాగితం ఎవరి దగ్గరుందో తెలుసుకోకుండానే అర్జీ పెట్టేస్తారు. నెల గడిచాక "మా వద్ద లేదు" అని జవాబు వస్తుంది. గడువున్న కేసుల్లో ఆ నెల చాలా విలువైనది. అందుకే ఇవి రాసి పెట్టాను.

ట్రిబ్యునల్‌కు సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) వర్తిస్తుందా? అది కోర్టు కదా?

వర్తిస్తుంది. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం కింద, పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ప్రతి సంస్థా ప్రజలకు జవాబుదారీయే. చెన్నైలో కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ మద్రాసు బెంచ్, రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్, చేపాక్‌ కలస్ మహల్‌లో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచ్, కంపెనీ లా ట్రిబ్యునల్, దాని అప్పీలు బెంచ్, ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్, రుణ వసూలు ట్రిబ్యునల్, సైనిక దళాల ట్రిబ్యునల్ ఇవన్నీ కేంద్రం కిందివి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ సంగతి వేరు. పేరుకు ట్రిబ్యునలే అయినా చెన్నైలో అది హైకోర్టు ప్రాంగణంలోని స్మాల్ కాజెస్ కోర్టులో నడుస్తుంది. అక్కడ కాపీలకు కోర్టు నిబంధనలే.

అయితే ఏ కాగితం కావాలన్నా ఆర్టీఐ వేసేయవచ్చా?

వేయవచ్చు కానీ అన్నిటికీ పని చేయదు. ప్రతి ట్రిబ్యునల్‌లోనూ రెండు రకాల ఫైళ్ళుంటాయి. ఒకటి కేసు ఫైలు. పిటిషను, కౌంటరు (అవతలి పక్షం రాసిచ్చే జవాబు), సాక్ష్యాలు, ఆర్డర్లు అందులో ఉంటాయి. రెండోది ఆఫీసు ఫైలు. ఎన్ని కేసులు పెండింగులో ఉన్నాయి, సిబ్బంది ఎంతమంది, ఖర్చెంత, ఫలానా డైరీ నంబరు అర్జీ ఏ రోజు ఏ సెక్షనుకు వెళ్ళింది అన్నవి అందులో ఉంటాయి. ఆఫీసు ఫైలుకు ఆర్టీఐ చక్కగా పనికొస్తుంది. కేసు ఫైలుకు మాత్రం ఆ ట్రిబ్యునల్ సొంత నిబంధనల కింద కాపీ అప్లికేషను పెట్టుకోవాలి.

హైకోర్టుల విషయంలో సుప్రీంకోర్టు 2020 మార్చిలో ఈ సంగతి తేల్చి చెప్పింది. కోర్టు రికార్డుల నకళ్ళకు కోర్టు నిబంధనల్లో దారి ఉన్నప్పుడు ఆ దారినే రావాలి, ఆర్టీఐతో కాదు అని. ట్రిబ్యునళ్ళలోని ప్రజా సమాచార అధికారులు కూడా ఈ తీర్పునే చూపించి అర్జీలు వెనక్కి పంపుతుంటారు. వాళ్ళతో వాదించి నెగ్గడం కంటే పక్క కౌంటర్లో కాపీ అప్లికేషను ఇవ్వడం త్వరగా తెమిలే పని.

నేను కేసులో పార్టీని (కక్షిదారుని). ఆర్డరు కాపీ వెబ్‌సైట్లోంచి దించుకున్నాను. సర్టిఫైడ్ కాపీ (ఆఫీసు ధ్రువీకరించి ఇచ్చే నకలు) కూడా కావాలా?

అప్పీలుకు వెళ్ళే ఆలోచన ఏ మాత్రం ఉన్నా, ఆర్డరు వచ్చిన మర్నాడే సర్టిఫైడ్ కాపీకి పెట్టండి. నేను అందరికీ అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే.

అప్పీలు గడువు లెక్కపెట్టేటప్పుడు, సర్టిఫైడ్ కాపీ తయారు కావడానికి పట్టిన రోజులను తీసేస్తారు. కేసుల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ఇచ్చే వెసులుబాటు ఇది. అయితే కాపీకి దరఖాస్తు పెట్టినవాళ్ళకే ఈ మినహాయింపు. "ఆఫీసువాళ్ళే ఉచిత కాపీ పంపుతారు కదా, అది వచ్చాక చూద్దాం" అని కూర్చున్నవాళ్ళకు లేదు. దివాలా చట్టం కింద కంపెనీ లా ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ ఇచ్చిన ఒక ఆర్డరు మీద సరిగ్గా ఇలాగే జరిగింది. ఆర్డరు 2019 డిసెంబరు 31న వచ్చింది. అప్పీలుదారు ఉచిత కాపీ కోసం ఎదురుచూశారు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, గడువు ఆర్డరు ప్రకటించిన రోజు నుంచే నడుస్తుందనీ సర్టిఫైడ్ కాపీకి పెట్టుకోకపోవడం అప్పీలుదారు తప్పేననీ చెప్పింది. దివాలా కేసుల్లో అప్పీలు గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 15. అంతకు మించి ఒక్క రోజు కూడా లేదు.

హరిత ట్రిబ్యునల్ ఆర్డరు మీద సుప్రీంకోర్టుకు వెళ్ళడానికి 90 రోజులు ఉంటాయి కనుక కొంత ఊపిరాడుతుంది. అయినా కాపీ అప్లికేషను ఆలస్యం చేయకండి.

కాపీ అప్లికేషనులో ఏం రాయాలి?

కేసు నంబరు, సంవత్సరం, ఇరుపక్షాల పేర్లు, ఆర్డరు తేదీ, ఏ ఏ పత్రాలు, ఎన్ని కాపీలు. మీరు పార్టీయా కాదా అన్నది తప్పక రాయాలి. రుసుము ఒక్కో ట్రిబ్యునల్‌లో ఒక్కో రకం కాబట్టి కౌంటర్లో అడిగి కట్టండి. రసీదు మీద డైరీ నంబరు వేయించుకోకుండా అక్కణ్ణుంచి కదలకండి.

కంప్యూటర్లో నా పేరుతో వెతికితే కేసు కనిపించడం లేదు.

మన తెలుగువాళ్ళకు చెన్నైలో పదే పదే ఎదురయ్యే చిక్కు ఇది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. తమిళనాడులో ఇంటిపేరు వాడరు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. ఆధార్‌లో ఒకలా, రైల్వే పాసులో ఒకలా, వకాల్తాలో గుమాస్తా రాసినట్టు ఇంకోలా ఉంటుంది. పైగా ఇంగ్లీషు స్పెల్లింగు తమిళ పద్ధతిలో మారిపోతుంది. మన "త" దగ్గర ఒక అక్షరం అదనంగా వస్తుంది, "లక్ష్మి" కాస్తా "లచ్చుమి"కి దగ్గరగా తేలుతుంది. అందుకని ఇంటిపేరు లేకుండా, ఇనీషియల్ మార్చి, స్పెల్లింగులు మార్చి మూడు నాలుగు విధాల వెతకండి. అవతలి పక్షం పేరుతో, అంటే ప్రభుత్వ శాఖ పేరుతో, తేదీల ప్రకారం వెతికితే ఇంకా త్వరగా దొరుకుతుంది.

ఆర్డర్లోనే పేరు తప్పు పడితే అది ఆర్టీఐతో సరికాదు. అదే కేసులో చిన్న అర్జీ వేసి బెంచ్ చేత సరిచేయించుకోవాలి. పరిహారం డబ్బు బ్యాంకులో పడే ముందే ఈ పని చూసుకోండి. పేర్లు కలవక నెలల తరబడి ఆగిపోయిన చెక్కులు నేను చూశాను.

నేను పార్టీని కాదు. ఆ కేసు పత్రాలు నాకు ఇస్తారా?

ఆర్డర్లు, తీర్పులు ఎవరైనా చూడవచ్చు. వెబ్‌సైట్లో ఉంటాయి. మిగతా పత్రాలకు మాత్రం ఎందుకు కావాలో చెప్పి ట్రిబ్యునల్ అనుమతి తీసుకోవాలి. ఆర్టీఐలో కారణం చెప్పనక్కర్లేదన్న సూత్రం ఇక్కడ నడవదు.

ఆర్టీఐ అర్జీ తెలుగులో రాయవచ్చా?

చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ దరఖాస్తు చేసే ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలి. చెన్నైలో ఆ అధికార భాష తమిళం. ఎంతమంది తెలుగువాళ్ళం తరతరాలుగా ఇక్కడున్నా చట్టం దృష్టిలో లెక్క ఇదే. కాబట్టి ఇంగ్లీషులో రాయించుకోండి. సాహిత్యం అక్కర్లేదు, పొడి పొడి వాక్యాలు చాలు.

రాయడం రానివాళ్ళు నోటితో చెప్పినా, దాన్ని కాగితం మీద పెట్టడంలో సాయం చేయవలసిన బాధ్యత సమాచార అధికారిదే. ఆరో సెక్షన్‌లో ఈ మాట ఉంది. ఇది దయ కాదు, విధి. మా వీధిలో ఒక పెద్దావిడ నోటి మాటగా అడిగితే ఒక ఆఫీసులో "రాసుకురా" అని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి నేను వెంట వెళ్ళి ఆ సెక్షన్ చదివి వినిపించాక అక్కడే కూర్చోబెట్టి రాశారు.

ఫీజు ఎంత? ఎలా కట్టాలి?

కేంద్ర ట్రిబ్యునళ్ళకు ఆర్టీఐ దరఖాస్తు రుసుము 10 రూపాయలు. కాపీలు పేజీకి 2 రూపాయలు. ఫైలు చూసుకోవడానికి మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు దరఖాస్తు రుసుము లేదు, రుజువు జతచేయాలి.

చెన్నైలో ఎక్కువమంది చేసే పొరపాటు కోర్టు ఫీజు స్టాంపు అంటించడం. తమిళనాడు ప్రభుత్వ ఆఫీసులకు అది చెల్లుతుంది, కేంద్ర ట్రిబ్యునళ్ళకు చెల్లదు. అక్కడికి పోస్టల్ ఆర్డరు తీసి అకౌంట్స్ ఆఫీసరు పేరున పంపండి, లేదా కేంద్ర ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్లో కట్టండి. మీకు కావలసిన ట్రిబ్యునల్ పేరు పోర్టల్ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పోర్టల్లో 3000 అక్షరాలకు మించి పట్టదు. కాగితం మీదైతే మామూలుగా 500 పదాలలోపు ఉండాలి. పదాలు ఎక్కువైనాయన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదు.

నా సొంత వివరాలే నాకు కావాలి. సర్వీసు కేసు నాది. అవి కూడా ఇవ్వరా?

ఇస్తారు. వ్యక్తిగత సమాచారమన్న మినహాయింపు ఉన్నది ఇతరుల నుంచి మిమ్మల్ని కాపాడటానికి. మీ నుంచి మిమ్మల్ని దాచడానికి కాదు. గుర్తింపు కార్డు నకలు, మీ ఉద్యోగి నంబరు జతచేసి అడగండి.

అయితే ఎవరిని అడగాలి? రైలు పెట్టెలు తయారయ్యే ఐసీఎఫ్‌లోనో, తపాలా శాఖలోనో, పోర్టులోనో పనిచేసి, సీనియారిటీ గురించో పెన్షను గురించో పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్ళినవాళ్ళు తమ సర్వీసు రిజిస్టరు కాపీ కోసం ట్రిబ్యునల్‌కు రాస్తారు. రిజిస్టరు ఉండేది ట్రిబ్యునల్‌లో కాదు, పనిచేసిన ఆఫీసు పర్సనెల్ (సిబ్బంది వ్యవహారాల) బ్రాంచిలో. అక్కడి సమాచార అధికారికి రాయండి. మీరు వేరే ఆఫీసుకు పంపినా, ఆరో సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం వాళ్ళు 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. దాని మీద ఆధారపడితే రోజులు పోతాయి. నేరుగా పంపడమే మేలు.

మా బాబాయి విషయంలో ఇదే జరిగింది. పుట్టిన తేదీ తప్పు పడిందన్న గొడవలో రెండేళ్ళు వాయిదాల చుట్టూ తిరిగాడు. చివరికి పాత సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ ఆర్టీఐలో 2 రూపాయలకు వచ్చింది. అందులో తేదీ ఆయన చెప్పినట్టే ఉంది. ఆ పేజీ పట్టుకుని ఆయన ఏడ్చిన రోజు నాకు బాగా గుర్తు.

కొత్త డేటా చట్టం కింద నా సమాచారం ఇవ్వమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చా?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. కానీ కోర్టులు, ట్రిబ్యునళ్ళు న్యాయ విధుల కోసం వాడే డేటాకు, మన వివరాలు చూపించమనే హక్కు వర్తించకుండా 17వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. కాబట్టి కేసు ఫైల్లోని వివరాలకు ఆ దారి మూసుకున్నట్టే. పాత దారులే మనకు దిక్కు. అవి కాపీ అప్లికేషను, ఆర్టీఐ.

వేరేవాళ్ళ వివరాలు? ఉదాహరణకు అదే పోస్టులో నాకంటే ముందు ప్రమోషను పొందినాయన ఫైలు?

ఇది ఇప్పుడు బాగా కష్టమైంది. ఇదివరకు ఆర్టీఐ చట్టం ఎనిమిదో సెక్షన్‌లో, ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం కూడా ఇవ్వవచ్చన్న మాట ఆ మినహాయింపు క్లాజులోనే ఉండేది. పార్లమెంటుకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న వాక్యం కూడా ఉండేది. డేటా చట్టం వాటిని తీసేసింది. 2025 నవంబరు నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. "వ్యక్తిగత సమాచారం" అన్న రెండు మాటలతో అర్జీ తిప్పి పంపే వీలు అధికారికి దొరికింది. ఆర్టీఐ చట్టం కోసం ఊరూరా తిరిగిన సామాన్యులకు ఇది పెద్ద నష్టమని నా గట్టి అభిప్రాయం.

అయినా దారి పూర్తిగా మూసుకోలేదు. అదే ఎనిమిదో సెక్షన్ రెండో ఉపవిభాగం అలాగే ఉంది. దాచడం వల్ల కలిగే మేలు కంటే బయటపెట్టడంలో ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు అని. అర్జీలోనే ఆ ఉపవిభాగాన్ని పేర్కొని, ప్రజా ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి. పదో సెక్షన్ కింద, ఇవ్వకూడని భాగం చెరిపి మిగతాది ఇమ్మని కూడా అడగండి. ప్రమోషను సంగతే అయితే సీనియారిటీ జాబితా, అమలు చేసిన నిబంధనలు, ఖాళీల లెక్క అడగండి. ఇవి ఎవరి సొంత విషయాలూ కావు. కేసుకు కావలసినది చాలావరకు వీటిలోనే ఉంటుంది.

మా నాన్న రైల్లోంచి పడి చనిపోయారు. రైల్వే ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి ఏ రికార్డులు, ఎక్కడ అడగాలి?

ముందు గడువు గుర్తుంచుకోండి. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడాదిలోపు క్లెయిము వేయాలి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే ట్రిబ్యునల్ మన్నించవచ్చు, కానీ ఆ ఆశతో కూర్చోకండి. 2017 జనవరి 1 నుంచి ప్రాణనష్టానికి పరిహారం 8 లక్షల రూపాయలు.

ఈ కేసులో ముఖ్యమైన కాగితాలేవీ మొదట్లో ట్రిబ్యునల్ దగ్గర ఉండవు. ఎఫ్ఐఆర్, శవ పంచనామా రైల్వే పోలీసుల దగ్గర ఉంటాయి. వాళ్ళు రాష్ట్ర పోలీసులు. పోస్టుమార్టం రిపోర్టు ఆసుపత్రిది, దాన్ని పోలీసుల ద్వారా తీసుకోవచ్చు. అన్నిటికంటే కీలకం డీఆర్ఎం రిపోర్టు. 2003 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రతి ఘటన మీదా రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) విచారణ జరిపి డివిజనల్ రైల్వే మేనేజరుకు నివేదిక ఇవ్వాలి. చనిపోయినాయన రైల్లోంచి పడిపోయారా, పట్టాలు దాటుతున్నారా, టికెట్ దొరికిందా అన్న రైల్వే వాదనంతా అందులోనే ఉంటుంది.

సరిహద్దు దగ్గర ప్రమాదమైతే ఇంకో మెలిక. సూళ్ళూరుపేట, నాయుడుపేట ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, దక్షిణ రైల్వే చెన్నై డివిజన్ కిందికే వస్తాయి. కనుక డీఆర్ఎం రిపోర్టుకు చెన్నై డివిజన్ సమాచార అధికారికి, ఎఫ్ఐఆర్, పంచనామాలకు ఆంధ్ర రైల్వే పోలీసులకు రాయాలి. రెండు అర్జీలూ ఒకే రోజు పంపండి.

మొదటి అర్జీలో ఇలా అడగండి: "ఫలానా తేదీన ఫలానా స్టేషన్ల మధ్య కిలోమీటరు ఇంత వద్ద మరణించిన నా తండ్రి ఘటనపై తయారైన విచారణ నివేదిక, దాని అనుబంధాలు, స్టేషను మాస్టరు ఇచ్చిన మెమో నకళ్ళు ఇప్పించగలరు." మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన వారసుల సర్టిఫికెట్ జతపరచండి.

టికెట్ దొరకలేదని నిరాశపడకండి. టికెట్ లేనంత మాత్రాన ఆయన ప్రయాణికుడు కాదని అనుకోరాదని సుప్రీంకోర్టు 2018 మేలో స్పష్టం చేసింది. కుటుంబం అఫిడవిట్ వేస్తే, కాదని నిరూపించవలసిన భారం రైల్వే మీదికి మళ్ళుతుంది.

మా ఊరి కాలుష్యం కేసు హరిత ట్రిబ్యునల్‌లో ఉంది. కమిటీ రిపోర్టు ఎలా దొరుకుతుంది?

ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, కేరళ, తమిళనాడు కేసులన్నీ మామూలుగా చెన్నై బెంచ్‌కే వస్తాయి. అన్నీ కాదు. 2020 మే 7 నాటి విశాఖ గ్యాస్ లీకు కేసును ఢిల్లీలోని ప్రధాన బెంచ్ తనంతట తాను చేపట్టి, జస్టిస్ బి. శేషశయనారెడ్డి అధ్యక్షతన కమిటీ వేసింది. దాని కాగితాల కోసం చెన్నైకి రాస్తే లాభం లేదు. కేసు నంబరు పక్కన దక్షిణ మండలమని ఉందో లేదో చూడండి.

కమిటీ నివేదికలు చాలావరకు ట్రిబ్యునల్ వెబ్‌సైట్లో కేసు వివరాల కింద ఉంటాయి. లేకపోతే ఆ నివేదిక తయారు చేసిన కాలుష్య నియంత్రణ మండలినే అడగండి. అది వాళ్ళ ఆఫీసు రికార్డు. నీటి నమూనాల ల్యాబు ఫలితాలు, తనిఖీ తేదీలు, ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతి షరతులు కూడా అక్కడే దొరుకుతాయి. ట్రిబ్యునల్ ముందు వాదించేటప్పుడు నివేదిక కంటే ఈ ముడి లెక్కలే ఎక్కువసార్లు అక్కరకొచ్చాయి. పంచాయతీ తీర్మానంలాంటి తెలుగు పత్రం దాఖలు చేస్తే ఇంగ్లీషు అనువాదం జతచేయడం మరువకండి.

తీర్పు మాకు వ్యతిరేకంగా ఎందుకిచ్చారని ఆర్టీఐలో అడగవచ్చా?

కుదరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఒకాయన ఒక జడ్జి గురించి ఇదే అడిగి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2010 జనవరిలో కోర్టు కాదంది. కారణాలు తీర్పులోనే ఉండాలి, నచ్చకపోతే అప్పీలు చేసుకోవాలి. ఆర్టీఐలో "ఎందుకు" అని మొదలయ్యే ప్రశ్నలన్నీ కొట్టేసి, "ఫలానా కాగితం నకలు" అని మార్చి రాయండి. ఉన్న కాగితమే ఇస్తారు, కొత్తగా జవాబు తయారు చేసి ఇవ్వరు.

"ఫైలు దొరకడం లేదు" అని జవాబొచ్చింది.

ఫైలు కనబడకపోవడం చట్టంలో ఉన్న మినహాయింపు కాదు. మళ్ళీ రాయండి. ఆ ఫైలు ఆఖరిసారి ఏ సెక్షనులో ఉన్నట్టు కదలికల రిజిస్టర్లో ఉందో ఆ పేజీ నకలు, ఇలాంటి ఫైళ్ళను ఎన్నేళ్ళు ఉంచాలన్న నిబంధన, నాశనం చేసి ఉంటే ఆ ఉత్తర్వు నకలు అడగండి. ఈ మూడూ అడిగాక దొరికిన ఫైళ్ళు నా అనుభవంలో ఒకటి కంటే ఎక్కువే.

ఆర్టీఐ అర్జీకి 30 రోజులైనా జవాబు లేదు.

నిరాకరించినట్టే లెక్క. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే గడువు 48 గంటలే. గడువు ముగిశాక 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని మొదటి అప్పీలు అధికారికి రాయండి. కేంద్ర సంస్థలకు అప్పీలు రుసుము లేదు. ఆయన 30 రోజుల్లో, ఆలస్యమైతే 45 రోజుల్లోపు తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో రెండో అప్పీలు. కేంద్ర ట్రిబ్యునల్‌ అయితే ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు, రాష్ట్ర ఆఫీసయితే తమిళనాడు సమాచార కమిషన్‌కు. ఢిల్లీ వెళ్ళక్కర్లేదు, వీడియోలో హాజరు కావచ్చు. ఆలస్యానికి అధికారి మీద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు. గడువు దాటాక ఇచ్చే కాపీలు మీకు ఉచితం. పేజీకి 2 రూపాయలు కట్టమని లేఖ వస్తే ఏడో సెక్షన్ ఆరో ఉపవిభాగం చూపించండి.

వకీలు కావాలా?

ఆర్టీఐకి అక్కర్లేదు. పార్టీ అయితే కాపీ అప్లికేషను కూడా మీరే పెట్టుకోవచ్చు. వకీలు ఉన్నవాళ్ళు మాత్రం ఆయనకు చెప్పి పెట్టండి. ఒకే కాపీకి ఇద్దరూ వేర్వేరుగా పెడితే ఏ తేదీ నుంచి గడువు లెక్కపెట్టాలన్న తగువు వస్తుంది.